తనిఖీ చేశారు సరే, ఏం కనిపించిందో మాకూ చెప్పండి

సంపాదకులు గారికి నమస్కారం.

మీ పత్రిక జిల్లా పేజీలో ప్రైవేటు ఆస్పత్రుల తనిఖీల వార్తలు తరచుగా వస్తుంటాయి. అధికారులు ఫలానా ఊళ్లో క్లినిక్‌లు, ల్యాబులు చూశారని, రికార్డులు పరిశీలించారని, నిబంధనలు పాటించకపోతే కఠిన చర్యలు తప్పవని హెచ్చరించారని రాస్తారు. అక్కడితో వార్త అయిపోతుంది. ఏ క్లినిక్‌లో ఏం బాగుంది, ఏం బాగాలేదు, బాగాలేనిదాన్ని సరిచేశారా, మళ్లీ ఎవరైనా వెళ్లి చూశారా, ఇవేవీ రావు. రేపు పొద్దున జ్వరం వస్తే అదే క్లినిక్‌కి పిల్లల్ని తీసుకుని వెళ్లేది మేమే కదండీ, మాకు తెలియాల్సింది ఆ సంగతే.

నేను పల్నాడులో ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో స్టాఫ్ నర్సుగా చేసి రిటైరయ్యాను. డాక్టర్ల మీద కోపంతో రాస్తున్న ఉత్తరం కాదిది, నా ఉద్యోగమంతా వాళ్లతోనే గడిచింది, చిన్న ఊళ్లో ఒక్క గదిలో కూర్చుని రోజంతా రోగుల్ని చూసే ఎంబీబీఎస్ డాక్టరు మీద నాకు చాలా గౌరవం. అయినా లోపల ఏ పొరపాట్లు జరుగుతాయో, అవి బయటివాళ్లకి ఎందుకు కనపడవో తెలిసినదాన్ని కాబట్టి రాస్తున్నాను.

మన రాష్ట్రంలో ప్రైవేటు వైద్య సంస్థల రిజిస్ట్రేషన్‌కి 2002లోనే చట్టం వచ్చింది, దానికి నిబంధనలు 2007లో వచ్చాయి. క్లినిక్ అయినా నర్సింగ్ హోమ్ అయినా జిల్లా వైద్య ఆరోగ్య అధికారి (డీఎంహెచ్‌ఓ) ఆఫీసులో రిజిస్టర్ చేయించుకోవాలి, గడువు అయిపోతే రెన్యువల్ చేయించుకోవాలి, ఫీజుల పట్టిక కనపడేలా పెట్టాలి. పక్కన తెలంగాణలో కేంద్రం 2010లో చేసిన క్లినికల్ ఎస్టాబ్లిష్‌మెంట్స్ చట్టాన్ని తీసుకున్నారు, అక్కడ కలెక్టరు అధ్యక్షతన జిల్లా కమిటీ ఉంటుంది. అంటే చట్టాలకి కొదవ లేదు. ఇబ్బంది ఎక్కడంటే, తనిఖీకి వచ్చినవాళ్లు ముందు అడిగేది కాగితాలు. రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్, డాక్టరు సర్టిఫికెట్, ఫైర్ వాళ్లు తమకి అభ్యంతరం లేదని ఇచ్చే ఎన్‌ఓసీ, కాలుష్య నియంత్రణ మండలి అనుమతి, స్కానింగ్ ఉంటే లింగ నిర్ధారణ నిషేధ చట్టం కింద రిజిస్ట్రేషన్. ఇవన్నీ కావాల్సినవే, నేను కాదనను. 2020 ఆగస్టులో విజయవాడలో కొవిడ్ రోగుల్ని పెట్టిన హోటల్లో మంటలు లేచి పది మంది చనిపోయారు, అది చూసినవాళ్లెవరూ ఫైర్ ఎన్‌ఓసీ అనవసరం అనరు. కానీ కాగితాలన్నీ సక్రమంగా ఉన్న క్లినిక్‌లో కూడా మనిషికి హాని జరగొచ్చు. మంచం పక్కన ట్రేలో ఏముందో ఏ సర్టిఫికెట్టూ చెప్పదు.

ముందు సూది గురించి చెప్తాను. మనవాళ్లకి సూది వేస్తేనే జ్వరం తగ్గుతుందని నమ్మకం, మాత్రలు రాసిస్తే "ఈ డాక్టరు సరిగ్గా చూడలేదు" అనుకుని ఇంకో చోటికి పోతారు, దాంతో అవసరం లేని ఇంజెక్షన్లు కూడా పడుతుంటాయి. 2018లో ఉత్తరప్రదేశ్‌లోని ఉన్నావ్ జిల్లాలో అర్హత లేని ఒక మనిషి సైకిల్ మీద ఊరూరా తిరుగుతూ ఒకే సిరంజి అందరికీ వాడాడని, దానివల్ల పదుల మందికి హెచ్‌ఐవీ వచ్చిందని దేశమంతా గగ్గోలు అయింది. మరుసటి ఏడు పాకిస్తాన్‌లో సింధ్ రాష్ట్రం లార్కానా జిల్లాలో వందల మంది పిల్లలకి హెచ్‌ఐవీ బయటపడింది, తల్లిదండ్రుల్లో చాలామందికి అది లేనే లేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ బృందం వెళ్లి చూస్తే వాడిన సిరంజిలు, సెలైన్ సెట్లు మళ్లీ వాడటం కనిపించింది. ఇలాంటివి మన ఊళ్లో జరగవులే అనుకోవడానికి మన దగ్గర ఉన్న ఆధారం ఏమిటి? ఎవరైనా చూసి, చూసిందాన్ని రాసి, మన ముందు పెడితే కదా తెలిసేది.

సిరంజి కొత్తదే విప్పుతారు, ఇప్పుడు చాలా చోట్ల అది మారింది, సంతోషమే. కానీ మందు తీసే వయల్, అంటే ఇంజెక్షన్ మందు ఉండే చిన్న సీసా, దాని సంగతి ఎవరూ పట్టించుకోరు. పది మందికి సరిపోయే వయల్ ఒకటి ఉంటుంది, దాని రబ్బరు మూతకి సూది గుచ్చి అలాగే వదిలేస్తారు, ఎవరికి కావాలన్నా కొత్త సిరంజి దానికి తగిలించి మందు లాగుతారు. చూడటానికి సిరంజి కొత్తదే, కానీ ఆ సూది పొద్దుటినుంచి గాలికీ ధూళికీ తెరిచి ఉంది, సూక్ష్మక్రిములు నేరుగా మందులోకి పోతాయి. మల్టీ డోస్ వయల్ తెరిచిన తేదీ దాని మీద రాయాలి, తయారీదారు వేరేగా చెప్పకపోతే 28 రోజులు దాటాక పారేయాలి. మీరు ఏ క్లినిక్‌కి వెళ్లినా చూడండి, తేదీ రాసిన వయల్ ఎన్నిచోట్ల కనిపిస్తుందో. అలాగే ఒక సెలైన్ బాటిల్‌ని స్టాండుకి వేలాడదీసి రోజంతా అందులోంచే కాస్త కాస్త తీసి అందరి పౌడర్ ఇంజెక్షన్లు కలుపుతుంటారు. ఇది దుర్మార్గంతో చేసే పని కాదు, ఎవరూ తప్పని చెప్పక అలవాటైపోయిన పని. అందుకే బయటినుంచి ఒకరు వచ్చి చూసి, ఇది మానండి అని రాసివ్వాలంటున్నాను.

తర్వాత ఫ్రిజ్. కుక్క కాటు టీకా, టీటీ, హెపటైటిస్ బి, పిల్లల టీకాలు, ఇన్సులిన్ అన్నీ 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి. అందరూ వేడికి పాడవుతాయని భయపడతారు గానీ, టీటీ, హెపటైటిస్ బి, డీపీటీ లాంటివి గడ్డకడితే కూడా పనికిరావు, కరిగాక చూస్తే మామూలుగానే కనిపిస్తాయి, వేస్తే మాత్రం రక్షణ ఉండదు. ఇళ్లలో వాడే ఫ్రిజ్‌లో ఫ్రీజర్ కింది అరలో, గోడకి ఆనించి పెడితే ఇదే జరుగుతుంది. ప్రభుత్వ కేంద్రాల్లో మేము ఐఎల్‌ఆర్, అంటే టీకాలు దాచే ప్రత్యేక ఫ్రిజ్, దాని ఉష్ణోగ్రత రోజుకి రెండుసార్లు రాసేవాళ్లం, కరెంటు పోతే ఎంతసేపు పోయిందో కూడా రాసేవాళ్లం. ప్రైవేటు క్లినిక్‌లలో ఒక చిన్న థర్మామీటరు, ఒక నోటుపుస్తకం ఉంటే చాలు, పెద్ద ఖర్చేమీ కాదు. ఎండాకాలం మా పల్నాడులో కరెంటు పోయినప్పుడు ఆ టీకాలు ఏమవుతున్నాయో అడిగే తనిఖీ ఒక్కటి కూడా నేను వినలేదు.

ఇంకొక సంగతి చెప్పాలి, ఇది మా ఇంట్లో జరిగింది. మా మరిదికి జ్వరమొస్తే దగ్గర్లోని ఒక క్లినిక్‌కి తీసుకెళ్లాను, యాంటీబయాటిక్ ఇంజెక్షన్ అని ఏదో ఇచ్చారు. నిమిషాల్లో ఒళ్లంతా దద్దుర్లు, ఊపిరాడటం లేదు, బీపీ పడిపోయింది. ఇలాంటప్పుడు ప్రాణం నిలిపే అడ్రినలిన్ ఇంజెక్షన్ ఆ గదిలో లేదు. ఆక్సిజన్ సిలిండర్ ఉంది గానీ అది ఖాళీ. ఆటోలో వేసుకుని పెద్దాసుపత్రికి పరుగెత్తాం, అక్కడి డ్యూటీ డాక్టరు వెంటనే తొడకి అడ్రినలిన్ ఇచ్చి బతికించాడు, ఆయనకి మా కుటుంబమంతా రుణపడి ఉంటాం. ఆయన అడిగిన ప్రశ్న మాత్రం నన్ను ఇప్పటికీ వదలడం లేదు. "ఏం ఇంజెక్షన్ ఇచ్చారమ్మా?" అన్నాడు. మా దగ్గర చీటీ లేదు. క్లినిక్‌కి ఫోన్ చేస్తే కాంపౌండరు ఒకపేరు చెప్పాడు, కాసేపటికి ఇంకో పేరు చెప్పాడు. అక్కడ కూర్చున్నది అర్హత ఉన్న డాక్టరే, మంచి మనిషే, మర్నాడు ఇంటికొచ్చి పలకరించాడు కూడా. అయినా మా మరిదికి ఏ మందు పడదో మాకు ఇవాళ్టికీ ఖాయంగా తెలియదు, ఏ డాక్టరు దగ్గరికి వెళ్లినా మళ్లీ అదే ఇస్తారేమోనని టెన్షన్.

అడ్రినలిన్ ఆంప్యూల్ ఖరీదైన మందు కాదు. ఇంజెక్షన్ వేసే ప్రతిచోటా అది చేతికందేలా ఉండాలి, ఎక్స్‌పైరీ అయిపోకుండా ఉండాలి, ఎంత ఇవ్వాలో అక్కడున్న నర్సుకి తెలిసి ఉండాలి. పెద్దవాళ్లకైతే అర మిల్లీగ్రాము, తొడ కండలోకి. తనిఖీకి వెళ్లినవాళ్లు ఆ నర్సునో కాంపౌండరునో పక్కకి పిలిచి "ఇప్పుడొక మనిషి ఇంజెక్షన్ వేయగానే పడిపోయాడమ్మా, ఏం చేస్తావు, చేసి చూపించు" అని అడిగితే ఐదు నిమిషాల్లో ఆ క్లినిక్ సంగతి తెలిసిపోతుంది. సిలిండర్ ఉందా అని చూడటం కాదు, తిప్పి చూడాలి, గాలి వస్తోందా, మాస్కు ఉందా, ఊపిరాడనివాళ్లకి చేత్తో నొక్కి గాలి అందించే అంబు బ్యాగు ఎక్కడుంది.

చీటీల విషయానికొస్తే కొత్త రూలేమీ అక్కర్లేదు. డాక్టర్ల నడవడి మీద 2002లో వచ్చిన మెడికల్ కౌన్సిల్ నిబంధనల్లోనే ఉంది, రిజిస్ట్రేషన్ నంబరు క్లినిక్‌లో కనపడాలి, మందుల చీటీ మీద, రసీదు మీద ఉండాలి, ఆస్పత్రిలో చేరిన రోగి రికార్డులు మూడేళ్లు దాచాలి, అడిగితే 72 గంటల్లో ఇవ్వాలి. ఇవి ఎంతమందికి తెలుసు? తెల్లకాగితం మీద నాలుగు గీతలు గీసి పక్క మందుల షాపుకి పంపడం, ఆ గీతలు ఆ షాపువాడికి తప్ప ఎవరికీ అర్థం కాకపోవడం మనకి మామూలైపోయింది. ఆ చీటీతో ఇంకో ఊళ్లో డాక్టరు దగ్గరికి వెళ్లలేం, ఏదైనా జరిగితే ఎవర్నీ అడగలేం.

చెత్త సంగతి కూడా. 2016 నిబంధనల ప్రకారం పసుపు, ఎరుపు, తెలుపు, నీలం డబ్బాలు ఉండాలి, సూదులు గుచ్చుకోని గట్టి తెల్ల డబ్బాలో వేయాలి, 48 గంటలకి మించి దాచకూడదు, అనుమతి ఉన్న ప్లాంటు బండి వచ్చి తీసుకెళ్లాలి. మా మండలంలో చాలా క్లినిక్‌లలో రంగుల డబ్బాలు ఉన్నాయి, వరసగా పెట్టి ఉంటాయి. కానీ కాలువగట్టు మీద సిరంజిలు, సెలైన్ పైపులు కనిపిస్తూనే ఉన్నాయి, చెత్త ఎత్తే పారిశుద్ధ్య కార్మికుల చేతులకి సూదులు గుచ్చుకుంటూనే ఉన్నాయి. వాళ్లకి గుచ్చుకుంటే ఎవరి రక్తమో, ఏం పరీక్ష చేయించుకోవాలో చెప్పే నాథుడు లేడు. డబ్బాలు ఉన్నాయా అని కాదు, బండి చివరిసారి ఎప్పుడొచ్చింది, ఎన్ని కిలోలు తీసుకెళ్లింది, ఆ రసీదు చూపించండి అని అడగాలి. బండి రాకపోతే ఆ తప్పు క్లినిక్‌ది ఒక్కదానిదే కాదు, అదీ బయటపడాలి.

ఇప్పుడు డాక్టర్ల వైపు మాట కూడా చెప్పాలి, లేకపోతే నా ఉత్తరం అన్యాయంగా ఉంటుంది. డాక్టర్ల సంఘం ఐఎంఏ వాళ్లు ఈ చట్టాల మీద చాలాకాలంగా అభ్యంతరం చెప్తున్నారు. ఒక్క గది క్లినిక్‌కి కార్పొరేట్ ఆస్పత్రి నిబంధనలు పెడితే చిన్న డాక్టరు మూసుకుని పోతాడు, అప్పుడు ఊరికి మిగిలేది చదువు లేని వైద్యమే అంటారు. నిజమే. తనిఖీ అంటే మామూళ్లు అనే భయం కూడా నిజమే, ఆ మాట ఎవరూ పైకి అనరు గానీ అందరికీ తెలుసు. నేను అడుగుతున్నది అందుకే చాలా చిన్నది. ఒక్క గది క్లినిక్‌కి వేరే పట్టిక ఉండాలి, అందులో లిఫ్టు వెడల్పు, పార్కింగ్ లాంటివి వద్దు, మనిషి ప్రాణానికి సంబంధించినవే ఉండాలి, పైన చెప్పినవాటితో పాటు చేతులు కడుక్కునే చోట నీళ్లూ సబ్బూ, కుట్లు వేసే పరికరాలకి ఆటోక్లేవ్. నీళ్లలో మరగబెడితే స్టెరిలైజ్ అయినట్టు కాదు, 121 డిగ్రీల దగ్గర పావుగంట ప్రెషర్‌లో ఉండాలి, ఇండికేటర్ టేపు రంగు మారిందో లేదో చూసుకోవాలి, పళ్ల డాక్టర్ల దగ్గర ఇది మరీ ముఖ్యం. ఇవాళే ప్రమాదం ఉన్నదాన్ని ఇవాళే ఆపించాలి, మిగతావాటికి నెల గడువు ఇవ్వాలి, నెల తర్వాత చెప్పకుండా వచ్చి చూడాలి.

ఆ చూసిన నివేదిక, ఎంత చిన్నదైనా సరే, ఒక పేజీ అయినా సరే, తెలుగులో, క్లినిక్ గోడ మీద ఫీజుల పట్టిక పక్కన అంటించాలి. నేను ఈ ఉత్తరం రాసిందే ఈ మాట కోసం. నివేదిక ఫైల్లో ఉంటే దాన్ని మార్చొచ్చు, మాయం చేయొచ్చు, దాని మీద బేరం ఆడొచ్చు. గోడ మీదికి వచ్చాక, ఆన్‌లైన్‌లో జిల్లా వెబ్‌సైట్‌లో కూడా పెట్టాక, రాసిన అధికారికీ బాధ్యత ఉంటుంది, డాక్టరుకీ ఉంటుంది. బాగా నడిపే డాక్టరుకి అదే పెద్ద ప్రచారం, ఇప్పుడు ఆయన ఎంత శుభ్రంగా నడిపినా ఆ సంగతి రోగికి తెలిసే దారి లేదు, పక్కన ఏసీ, గ్రానైట్ చూసి జనం అటు పోతున్నారు.

ఇది జరగని పని కాదు. ఇంగ్లండులో ఆస్పత్రులనీ క్లినిక్‌లనీ తనిఖీ చేసే సీక్యూసీ అనే సంస్థ 2009 నుంచి ఉంది, మా అక్క కూతురు అక్కడే డాక్టరు, మన తెలుగు డాక్టర్లు అక్కడ చాలామంది ఉన్నారు, వాళ్లనడగండి. వీధి చివర మామూలు డాక్టరు (జీపీ) చిన్న క్లినిక్ అయినా ఆ సంస్థ తనిఖీ చేస్తుంది. భద్రంగా ఉందా, వైద్యం ఫలితమిస్తోందా, రోగిని ఆదరిస్తున్నారా, అవసరానికి అందుతున్నారా, నిర్వహణ బాగుందా అని ఐదు ప్రశ్నలు, నాలుగు స్థాయిల రేటింగు. ఆ రేటింగు క్లినిక్‌లో కనపడేలా పెట్టాలి, పూర్తి నివేదిక ఇంట్లో కూర్చుని ఎవరైనా చదవొచ్చు. మందుల ఫ్రిజ్ ఉష్ణోగ్రత దగ్గర్నుంచి, కొన్ని మందులు వాడేవాళ్లకి సమయానికి రక్తపరీక్షలు చేయిస్తున్నారా అనేదాకా చూస్తారు. అక్కడ అంతా బాగుందని కాదు, 2024లో ఆ సంస్థ మీదే స్వతంత్ర సమీక్ష జరిగి, తనిఖీలు తగ్గిపోయాయని, రేటింగులు పాతబడ్డాయని గట్టిగా తప్పు పట్టింది. ఆ తప్పు పట్టడం కూడా బహిరంగంగానే జరిగింది, అది గమనించండి.

అంతదూరం ఎందుకు, మన ప్రభుత్వ ఆస్పత్రులకే శుభ్రతకి మార్కులు వేసే కాయకల్ప అని 2015 నుంచి ఉంది, దానికన్నా ముందునుంచి వైద్యం నాణ్యతని చూసే ఎన్‌క్వాస్ ఉంది. బయటినుంచి పరిశీలకులు వస్తారు, మార్కులు వేస్తారు, నూటికి డెబ్బై వస్తేనే పాసు. వాళ్లు వస్తున్నారంటే మేము రాత్రిళ్లు కూర్చుని రిజిస్టర్లు సరిచేసేవాళ్లం, కొత్త దుప్పట్లు వేసేవాళ్లం, ఆ హడావిడి అందరికీ తెలిసిందే. కానీ నేను కళ్లారా చూసింది చెప్తున్నాను, వాళ్లు వెళ్లిపోయాక దుప్పట్లు లోపలికి పోయినా సూదుల డబ్బా, చేతులు కడిగే పద్ధతి, ఎమర్జెన్సీ ట్రే మాత్రం నిలబడ్డాయి, ఎందుకంటే ఒకసారి అలవాటైతే నర్సులే వదిలిపెట్టరు. ఆ మార్కులు కూడా ప్రజలకి చెప్పాలి, ప్రభుత్వ ఆస్పత్రి గోడ మీద ముందు అంటించి తర్వాత ప్రైవేటు వాళ్లని అడిగితే ఎవరూ వంక పెట్టలేరు.

ఆర్‌ఎంపీల గురించి కూడా అడుగుతారు. అర్హత లేకుండా వైద్యం చేస్తే 2019 నాటి మెడికల్ కమిషన్ చట్టం కింద ఏడాది వరకు జైలు, ఐదు లక్షల వరకు జరిమానా ఉంది. దాడులు జరుగుతాయి, షట్టర్లు దించుతారు, వారం తిరక్కుండా మళ్లీ తెరుస్తారు, ఎందుకంటే అర్ధరాత్రి తలుపు తడితే లేచేది ఊళ్లో ఆయనొక్కడే. వాళ్ల సంగతి వేరే తేల్చాలి, దాన్ని అడ్డం పెట్టుకుని బోర్డు ఉన్న క్లినిక్‌లని చూడకుండా వదిలేయడం మాత్రం సరికాదు.

రోగులే అడగొచ్చు కదా అంటారు కొందరు. నేను నర్సుని, నేనే మా మరిదిని తీసుకెళ్లినప్పుడు "అడ్రినలిన్ ఉందా" అని ముందుగా అడిగే వాతావరణం అక్కడ లేదు. డాక్టరు గారు కోప్పడతారేమో, రేపు మళ్లీ వస్తే సరిగ్గా చూడరేమో అని పల్లెటూరి మనిషి నోరు తెరవడు. నూటికి నూరు మంది రోగులు అడగలేని ప్రశ్నని అడగడానికే ప్రభుత్వం ఒక అధికారికి జీతం ఇస్తోంది.

మీకు ఒక విన్నపం. సమాచార హక్కు చట్టం కింద పది రూపాయల ఫీజుతో మీ విలేకరి ఎవరైనా డీఎంహెచ్‌ఓ ఆఫీసులో దరఖాస్తు పెట్టవచ్చు. మన జిల్లాలో రిజిస్టరైన క్లినిక్‌లు, నర్సింగ్ హోమ్‌లు ఎన్ని, గడువు దాటినవి ఎన్ని, గత సంవత్సరం ఎన్నిటిని తనిఖీ చేశారు, ఎన్నిటికి నోటీసులిచ్చారు, నోటీసిచ్చిన తర్వాత రెండోసారి ఎన్నిటికి వెళ్లారు, తనిఖీ నివేదికల నకళ్లు ఇవ్వండి, ఇంతే అడగమనండి. ముప్పై రోజుల్లో జవాబు ఇవ్వాలి. ఇస్తే మండలాల వారీగా జిల్లా పేజీలో వేయండి, ఇవ్వకపోతే ఇవ్వలేదని వేయండి. మిగతా జిల్లాల్లో మీ విలేకరులు కూడా ఇదే పని చేస్తే ఇంకా మంచిది.

ఇట్లు,
ఒక రిటైర్డ్ స్టాఫ్ నర్సు,
పల్నాడు జిల్లా